సన్న గీతలు

పుణ్యవతికి రేచీకటి పట్టిందని అందరికన్నా ముందు కనిపెట్టింది ఆమె తల్లి చిట్టమ్మ. అప్పటికి పదమూడేళ్ళుగా చిట్టమ్మకు కళ్ళు లేవు.

డెబ్భై నాలుగో సంవత్సరం, కార్తీకమాసం. బరంపురం నుంచి వచ్చే సాయంత్రం పాసింజరు గిరిసోలలో ఆగేసరికి పొద్దు గుంకింది. స్టేషన్ నుంచి ఇంటికి పొలంగట్టు మీద పావుగంట నడక. పుణ్యవతి వాకిట్లోకి వచ్చి, గుమ్మం పక్కనున్న రోలుకి కాలు కొట్టుకుని తూలింది.

"ఆ రోలు నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాది గదే గుంటా" అంది లోపల్నుంచి చిట్టమ్మ.

"సూసుకోనేదమ్మా."

"మొన్న గడప తగిలినాది. నిన్న బాల్చీ తన్నీసినావు. పగలు నీ అడుగు తిన్నగా పడతన్నాది, పొద్దోతే తడువుకుంటన్నాది. నాకూ ఇలాగే మొదలైనాది. అప్పుడు నాకు నీ ఈడే."

చిట్టమ్మకు ముందు రేచీకటి వచ్చింది. తరవాత పక్కనున్న మనుషులు కనపడకుండా పోయారు. ఆ తరవాత ఎదురుగా ఉన్న కూతురి ముఖం కూడా పోయింది. అంతా ఏడెనిమిదేళ్ళలో జరిగింది. పుణ్యవతి అదంతా పక్కనుండి చూసిన మనిషి. అన్నం వార్చి తల్లికి పెట్టి, తను తినకుండా కూర్చుంది.

ఆమె బతుకంతా ఇప్పుడు కళ్ళ మీదే ఉంది.

పుణ్యవతి ఇచ్ఛాపురం హైస్కూల్లో పదకొండో తరగతి వరకూ చదివింది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. తండ్రి అప్పయ్య పోయాక కూలికి వెళ్ళింది, నాట్లేసింది, జీడితోటల్లో పిక్కలేరింది. ఇరవై ఐదో ఏట బరంపురంలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనుందని విని వెళ్ళింది. అక్కడి లెక్చరరు వైకుంఠరావు పదకొండు మందిని వరసగా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, కింద పెట్టిన గాజు పలకలో కనిపించిన గీతలు లెక్కపెట్టమన్నాడు. డిగ్రీ చదివిన వాళ్ళు ఏడు చెప్పారు, ఎనిమిది చెప్పారు. పుణ్యవతి పదమూడు చెప్పింది. ఆయన వేసుకున్న లెక్కలో పన్నెండే ఉన్నాయి. మళ్ళీ చూసుకుంటే పదమూడోది నిజంగానే ఉంది.

"రేపట్నుంచి వచ్చేయమ్మా" అన్నాడు.

ఆ గాజు పలకల మీద వెండి ఉప్పు కలిసిన ఫొటో మందు దళసరిగా పూసి ఉంటుంది. వాటిని విదేశంలో ఒక పెద్ద యంత్రం దగ్గర పెట్టి, మహావేగంగా పోయే ప్రోటాన్లను వాటిలోకి పంపించారు. వైకుంఠరావు మూడేళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, అందులో కొన్ని పలకలు తెప్పించుకోగలిగాడు. మందులోంచి పోయిన కణం ఒక్కొక్కటీ తన దారిలో చుక్కలు చుక్కలుగా గీత వదులుతుంది. ప్రోటాను ఏ వెండి పరమాణువు నడిమి కేంద్రాన్నో గుద్దితే, ఆ చోటు నుంచి నాలుగు వైపులకూ గీతలు చిమ్ముతాయి. ల్యాబులో దాన్ని నక్షత్రం అనేవారు. పొట్టిగా నల్లగా ఉన్నవి పగిలిన కేంద్రం ముక్కలు. బూడిదరంగువి బయటకు తన్నుకొచ్చిన ప్రోటాన్లు. ఉందా లేదా అన్నట్టుండే సన్న గీతలు మాత్రం ఎక్కువగా పయాన్లు అనే కణాలవి. లెక్క కావలసింది వాటిదే.

మొదట్లో ఆమె ఒకరోజు అడిగింది, "ఈ పయాన్లు ఆ కేంద్రం లోపల దాక్కునుంటాయేటి మాస్టారూ? కాయ పగిలితే గింజలొచ్చినట్టు వస్తాయా?"

వైకుంఠరావు సుద్దముక్క కింద పెట్టేశాడు. ఆయన బి.ఎస్సీ. క్లాసులో పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"లేదమ్మా. లోపల అవి లేవు. చెకుముకి రాయి కొడితే రవ్వ వస్తుంది కదా, రాయి కోసి చూస్తే లోపల రవ్వ ఉంటుందా? ప్రోటాను పరుగులో ఉన్న శక్తి ఆ గుద్దులో పదార్థంగా మారిపోతుంది. అలా కొత్తగా పుట్టినవే ఇవి. ఎంత గట్టిగా గుద్దితే అంత ఎక్కువ పుడతాయి. సెకనుని కోటి ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కకి పావువంతు, అంతే వీటి ఆయుష్షు. ఇందులోనే ప్లస్సు, మైనస్సు కాక మూడో రకం ఒకటుంది, దానికి ఆ మాత్రం కూడా లేదు. పుడుతూనే వెలుగైపోతుంది. గీత కూడా పెట్టదు."

"అంత సేపట్లోనే ఇంత గీత గీసీసి ఎల్లిపోతాదా!" అంది పుణ్యవతి.

ఆ రోజు నుంచి ఆ పని ఆమెకు ఉత్త ఉద్యోగంగా లేదు. నల్ల తెరలు కట్టిన గదిలో నూనె చుక్క వేసి, కటకం కిందికి పలకని జరిపి, ఆమె వారానికి మూడు నాలుగు నక్షత్రాలు పట్టేది. ఒక్కో సన్న గీతా ఎన్ని డిగ్రీల వాలులో పోయిందో కొలిచి నోటుబుక్కులో రాసేది. పక్క మైక్రోస్కోపు దగ్గర అమ్మణ్ణి కూర్చునేది. బరంపురం పిల్లే, ఒడియా తెలుగు కలిపి గలగలా మాట్లాడేది. అమ్మణ్ణి తన పలకల్లో నల్ల గీతలు కొలిచేది, సన్న గీతల లెక్క పుణ్యవతిదే. నాలుగేళ్ళకు పుణ్యవతి బుక్కులో ఆరువందల నలభై నక్షత్రాలు చేరాయి.

రోలుకి కాలు తగిలిన వారానికి, ఒక సోమవారం పొద్దున్నే, వైకుంఠరావు గ్రాఫు కాగితం పట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆయన ముఖంలో అంత వెలుగు ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు.

"పయాన్లు పొట్లం ఆకారంలో ముందుకు చిమ్ముతాయని మనకు తెలుసు. ఆ పొట్లం నోరు ఇంత వెడల్పుండాలని అందరూ అంటున్నారు. మన లెక్కలో అది చాలా ఇరుగ్గా వస్తోంది. పక్కలకు పోవలసిన పయాన్లు లేవు. సగానికి సగం లేవు! ఇది ఎవరూ చూడలేదమ్మా. పుణ్యవతి పలకలే చూపించాయి దీన్ని."

బొంబాయిలో జరిగే సభకు పేపరు పంపించేశాడట, వాళ్ళు ఒప్పుకున్నారట. వచ్చే శుక్రవారం కాక పై శుక్రవారం ప్రయాణం. "చివర్లో మీ ఇద్దరి పేర్లూ వేశాను" అన్నాడు.

అమ్మణ్ణి చప్పట్లు కొట్టింది. పుణ్యవతి గ్రాఫు కాగితం దగ్గరకు తీసుకుని చూసింది. పక్కలకు పోవలసినవి లేవు. తల్లికి మొదట కనపడకుండా పోయింది పక్కనున్న మనుషులే.

మధ్యాహ్నం అమ్మణ్ణి భోజనానికి వెళ్ళాక పుణ్యవతి పాత పెట్టెలోంచి మొదటి సంవత్సరం పలక ఒకటి తీసింది. నూట ఎనభై ఎనిమిదో నక్షత్రం. బుక్కులో తన చేతిరాతే ఉంది: సన్న గీతలు పద్నాలుగు. కన్ను ఆనించి లెక్కపెట్టింది. తొమ్మిది. దీపం పెంచి మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది. కళ్ళు కడుక్కుని వచ్చింది. తొమ్మిదే.

అమ్మణ్ణి తిరిగొచ్చాక, "ఇది కాస్త సూసి సెప్పవా, నాకు తల నొప్పిగా ఉన్నాది" అంది.

అమ్మణ్ణి రెండు నిమిషాలు చూసి, "చౌద... పద్నాలుగు" అంది. "ఏంటి, ఎందుకలా అయిపోయావు?"

"ఏటీ నేదు" అంది పుణ్యవతి.

మర్నాడు ల్యాబులో చెప్పకుండా కంటి ఆసుపత్రికి వెళ్ళింది. కళ్ళలో మందు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. డాక్టరు పెద్దాయన. దీపం పెట్టి చూశాడు, నల్లగుడ్డ మీద తెల్ల పూస జరుపుతూ, కనిపించిన చోటల్లా చెప్పమన్నాడు. ఆమె చాలా ఆలస్యంగా చెబుతోందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకి."

ఆయన దీపం ఆర్పేశాడు. "కంటి వెనక పొర ఎండిపోతోందమ్మా. అంచుల నుంచి లోపలికి వస్తుంది. నువ్విప్పుడు లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నావు, అలవాటు పడిపోయి తెలుసుకోలేదు. నడిమి చూపు కొన్నాళ్ళుంటుంది. ఐదేళ్ళో, పదేళ్ళో."

"మందు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆసుపత్రి బయట రిక్షాల మధ్య ఆమె చాలాసేపు నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. వెంటనే వచ్చిన ఆలోచన ఒక్కటే. మాస్టారి ప్రయాణానికి ఇంకా పది రోజులున్నాయి.

గీత పక్కకు పోతే కనపడదు, నడిమికి తెస్తే కనపడుతుంది. అయితే పలకనే తిప్పాలి. మర్నాడు ల్యాబులో నక్షత్రం చుట్టూ కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతి దిక్కునీ కటకం నడిమికి తెచ్చుకుని చూసింది. నూట ఎనభై ఎనిమిదిలో పదో గీత దొరికింది, పదకొండోది దొరికింది. మొత్తం పద్నాలుగూ దొరికాయి. ఇలా అన్నీ తిరగేసి దిద్దేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు. లెక్క సరిపోతుంది. కొలువు మిగులుతుంది.

పొద్దున్న మొదటి బండికే వచ్చేది. భోజనం మానేసింది. అమ్మణ్ణి అడిగితే, మాస్టారు బొంబాయి వెళ్ళేలోగా సరిచూడాలంది. ఒక నక్షత్రానికి గంటకు పైగా పట్టేది. కళ్ళు నిప్పులయ్యేవి, నీళ్ళు కారి కటకం మీద పడేవి. ఐదు రోజులయ్యేసరికి ముప్పై నాలుగు అయ్యాయి. ఆ ముప్పై నాలుగింటిలోనూ పక్కల గీతలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి. పొట్లం నోరు అందరూ చెప్పినంత వెడల్పే. ఇంకా ఆరువందలున్నాయి.

ఇంటి దగ్గర చిట్టమ్మ చేతులు ముందుకు చాపి కూతురి ముఖం తడిమింది. ముఖమంతా తడిగా ఉంది.

"ఆ బాబుకి సెప్పీయే" అంది.

"సెప్తే పొమ్మంతారు."

"సెప్పకపోతే?"

"నాను పోను. ఆయన పోతాడు. అంత పెద్ద సభలో నిలబడి, నా గుడ్డితనాన్ని తీసి సూపిత్తాడే అమ్మా. పయాన్లు నేవంతాడు. రేపో మాపో ఇంకెవులో సూసి నవ్వుతారు."

చిట్టమ్మ చెంగుతో కూతురి కళ్ళు ఒత్తింది.

బుధవారం మధ్యాహ్నం వైకుంఠరావు తన గదిలో పటాలు చుట్టి గొట్టంలో పెడుతున్నాడు. అమ్మణ్ణి నల్ల సిరాతో గీసిన పటాలు. కొత్త కోటు కుర్చీకి తగిలించి ఉంది. పుణ్యవతి తలుపు దగ్గరే నిలబడి అంది.

"మాస్టారూ, ఆ పేపరు సదవకండి."

"ఏమిటి?"

"పక్కల పయాన్లు ఉన్నాయి. నాకు కనపడ్నేదు. నా కళ్ళు పోతన్నాయి."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఆసుపత్రి చీటీ బల్ల మీద పెట్టింది. ముప్పై నాలుగు నక్షత్రాల కొత్త లెక్క పెట్టింది. పాత లెక్క పక్కన పెట్టింది. ఆయన నిలబడే చదివాడు, తరవాత కూర్చుని చదివాడు.

"ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"అనుమానం తొమ్మిది రోజులు. రుజువు ఎనిమిది రోజులు."

"ఎనిమిది రోజులు!" ఆయన లేచాడు. "ఎనిమిది రోజులు నోరు మూసుకుని కూర్చున్నావా? ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మానిపించెత్తారని."

"ముప్పై నాలుగే కదా చూసింది" అన్నాడు ఆయన, కిటికీ వైపు తిరిగి. ఆ మాట తనకు తనే చెప్పుకుంటున్నట్టుంది. "ఆరువందల నలభైలో ముప్పై నాలుగు. మిగతావి బాగానే ఉండొచ్చు. పుణ్యవతీ, నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఈ ఊళ్ళో కూర్చుని నేనేదో చేస్తానని నమ్మినవాడు ఒక్కడూ లేడు. వచ్చాక చూద్దాం. ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

చెప్పేస్తే బరువు దిగుతుందనుకుంది పుణ్యవతి. ఇప్పుడా బరువు ఇద్దరి మీదా కూర్చుంది.

"మీరే గదండీ సెప్పినారు" అంది మెల్లగా, "లేనిది ఉందని రాయకూడదు, ఉన్నది నేదని అస్సలు రాయకూడదని."

"వెళ్ళు!" అని అరిచాడు ఆయన. "నిన్ను పనిలో పెట్టుకోవడమే నా బుద్ధితక్కువ. వెళ్ళు ఇక్కణ్ణుంచి!"

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుంది. గొళంత్ర దాటాక బయట ఏమీ కనపడలేదు. గిరిసోలలో దిగి, ఎవరో ముసలాయన వెనక అడుగుల చప్పుడు వింటూ ఇంటికి చేరింది. పట్టాల దగ్గర ఒకసారి ఆగింది. ఎందుకు ఆగిందో తరవాత ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కళ్ళు లేని మనిషి అన్నం కోసం ఎదురు చూస్తోందని గుర్తొచ్చి కదిలింది.

గురువారం మొదటి బండికే మళ్ళీ వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. తెరల గది తలుపు తీసే ఉంది. ఆమె కుర్చీలో వైకుంఠరావు కూర్చుని ఉన్నాడు, కన్ను ఆమె మైక్రోస్కోపుకి ఆనించి. గడ్డం మాసి ఉంది. ప్యూను వచ్చి తాళం తీసిన దగ్గర్నుంచీ చూస్తున్నానన్నాడు. పక్కన కాగితం మీద పదకొండు నక్షత్రాల లెక్క ఉంది. ఈ మధ్యవీ, ఎక్కడెక్కడివో ఏరినవీ.

"అన్నింట్లోనూ ఉన్నాయి" అన్నాడు తలెత్తకుండా.

పుణ్యవతి గోడకి ఆనుకుంది.

"తపాలాఫీసు తెరవగానే తంతి ఇచ్చేస్తాను. పేపరు వెనక్కి తీసుకున్నానని." కాసేపటికి మళ్ళీ అన్నాడు, "నిన్నన్న మాట..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. ఆమె కూడా పూర్తి చెయ్యమని అడగలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. అన్ని లెక్కలూ పారెయ్యక్కర్లేదు. ఏ రోజు నుంచి ఆమె చూపు నమ్మకూడదో తేలితే, అంతకు ముందువి మిగులుతాయి. ఆ రోజు కనిపెట్టడానికి ముగ్గురూ కూర్చున్నారు. పుణ్యవతి వెనక్కి వెనక్కి పేజీలు తిప్పేది. అమ్మణ్ణి ఆ నక్షత్రాన్ని చూసి లెక్క చెప్పేది. మాస్టారు రెండు లెక్కలూ పక్కపక్కన రాసేవాడు.

ఈ వేసంగి నుంచి అనుకుంది పుణ్యవతి. వేసంగి దాటి వెనక్కి వెళ్ళారు. నాలుగువందల యాభైలో గీతలు తక్కువ. నాలుగువందల్లో తక్కువ. మూడువందల యాభైలో రెండు తక్కువ. తను అందరికన్నా బాగా చూస్తున్నానని గర్వపడిన రోజులవి. మాస్టారు ఆమె లెక్కని క్లాసులో పిల్లలకు ఎత్తి చూపించిన నెల కూడా అందులోనే ఉంది. అమ్మణ్ణి ప్రతిసారీ అంకె చెప్పడానికి వెనకాడేది. "సెప్పు, సెప్పీయ్" అనేది పుణ్యవతి. నాలుగో రోజు రెండువందల అరవై ఒకటి దగ్గర రెండు లెక్కలూ కలిశాయి. అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది కూడా కలిశాయి. రెండున్నరేళ్ళ కిందటి తేదీ అది.

వైకుంఠరావు ఎర్ర పెన్సిలు తీసి, గీత గియ్యలేక ఆమె చేతికిచ్చాడు. పుణ్యవతి ఆ పేజీ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా గీసి, కింద తేదీ రాసింది. ఆ తరవాతి పేజీలన్నీ ఒక్కసారి బొటనవేలితో సర్రున విడిచింది. మూడువందల డెబ్భై తొమ్మిది నక్షత్రాలు.

అప్పుడు ఏడ్చింది. అమ్మణ్ణి ఆమెను పట్టుకుంది. మాస్టారు బయటకు వెళ్ళిపోయాడు.

మరుసటి మార్చికి ఆ ల్యాబుకి డబ్బు ఆగిపోయింది. పలకలు కలకత్తాలో ఇంకో ల్యాబుకి ఇచ్చేయమని ఉత్తరం వచ్చింది. అమ్మణ్ణికి మునిసిపల్ స్కూల్లో పని దొరికింది. వైకుంఠరావు మళ్ళీ బి.ఎస్సీ. పాఠాలకు వెళ్ళిపోయాడు. ఆయన జుట్టు ఆ చలికాలంలోనే తెల్లబడిపోయింది.

పలకలు సర్దడానికి పుణ్యవతిని రమ్మన్నారు. పగలే, తెరలన్నీ తీసేసి, ఆమె, వైకుంఠరావు బల్లకి చెరో వైపునా కూర్చున్నారు. ఒక్కో పలకనీ పల్చటి కాగితంలో చుట్టి, దూది పరిచిన పెట్టెలో నిలబెట్టాలి. మధ్యాహ్నానికి పెట్టె నిండాక ఆయన ఒక కాగితం రాసి పైన పెట్టాడు.

"ఏటి రాసినారు మాస్టారూ?"

ఆయన చదివాడు. "రెండువందల అరవై ఒకటి వరకూ లెక్కలు సరైనవి. పలకలు చూసిన స్కానరు పి. పుణ్యవతి. ఆ తరవాతివి వాడరాదు. ఆ సంగతి కనిపెట్టి చెప్పినది కూడా ఆమే."

ఆమె తల వంచుకుంది. "ఆ ఆఖరి మాట కొట్టీయండి మాస్టారూ. వాళ్ళకెందుకది?"

"వాళ్ళకు కావాలి" అన్నాడు ఆయన. మూత పెట్టి మేకులు కొట్టడానికి ప్యూనుని పిలిచాడు.

ఆమె చేతులకంటిన నూనె చీరకు తుడుచుకుని, మూడింటి బండి అందుకోవాలని బయల్దేరింది. వెలుగుండగానే ఊరు చేరాలి.